కోహీర్ నేల తనంతట తాను మారలేదు

2024 ఆగస్టు 28న కేంద్ర మంత్రివర్గం దేశంలో 12 పారిశ్రామిక నగరాలకు ఆమోదం తెలిపింది. అందులో ఒకటి మన జహీరాబాద్. తొలి దశకు 3,245 ఎకరాలు, ఖర్చు 2,361 కోట్ల రూపాయలు. పత్రికలన్నీ ఈ రెండు అంకెలను పెద్దక్షరాల్లో అచ్చేశాయి. నాయకులు మిఠాయిలు పంచుకున్నారు. ఆ ఎకరాల్లో ఏ పంట పండేది, ఎంతమంది కైకిలి చేసి బతికేవాళ్లు, ఆ పశువులు రేపు ఎక్కడ మేస్తాయి అన్న లెక్క మాత్రం ఎవరూ అచ్చేయలేదు.

ఆ జోన్ న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో ఉంది. కోహీర్ దాని హద్దులో లేదు. అయినా మేము కోహీర్ నుంచే మాట్లాడదలిచాం. జోన్‌లో భూమి ఒక గీత గీయగానే మారింది. కోహీర్‌లో ఏ గీతా గీయకుండానే నలభై ఏండ్లుగా మారుతూ వచ్చింది. మొదటిది అందరికీ కనబడుతుంది. రెండోది కనబడదు. కనబడని మార్పు అర్థమైతేనే కనబడే మార్పును నిలదీసే తెలివి వస్తుంది.

వాన తప్పా? మనిషి తప్పా?

పల్లె ఎందుకు మారిందని అడిగితే మూడు జవాబులు తయారుగా ఉంటాయి. వానలు తగ్గినయి. జనం పెరిగిండ్రు. పోరగాళ్లకు ఎవుసం చేతగాదు. ఆఫీసుల్లో అధికారులు చెప్పేది ఇదే, టీకొట్టు దగ్గర మనం చెప్పుకునేదీ ఇదే. ఈ మూడింటికీ ఒక సుఖం ఉంది. ఎవరినీ ప్రశ్నించే పని ఉండదు.

2001లో ఎరిక్ ల్యాంబిన్, ఆయనతో పాటు మరికొందరు పరిశోధకులు ప్రపంచంలోని అనేక ప్రాంతాల అధ్యయనాలను ముందేసుకొని ఒక మాట తేల్చారు. భూమి వాడకం మారడానికి జనాభా ఒక్కటే కారణం కాదు, పేదరికం ఒక్కటే కారణం కాదు. మార్కెట్టు, సర్కారు విధానాలు కొన్ని దారులు తెరుస్తాయి, కొన్ని మూస్తాయి. మనుషులు తెరిచిన దారిలో నడుస్తారు. మన రైతుకు ఈ సంగతి పుస్తకం చదవకుండానే తెలుసు. "ధర ఉన్నది ఏస్తం, ధర లేనిది ఎందుకేస్తం" అన్న మాటలో ఆ సిద్ధాంతమంతా ఉంది.

కాబట్టి అడగవలసిన ప్రశ్న వేరే. కోహీర్ ముందర ఏ దారులు మూశారు? ఏ దారులు తెరిచారు? ఎవరు?

బియ్యం బస్తా వచ్చింది, జొన్న సాలు పోయింది

కోహీర్, జహీరాబాద్ ప్రాంతం 1956 దాకా బీదర్ జిల్లాలో ఉండేది. బీదర్ నుంచి ఇటు పరుచుకున్న ఎర్రమట్టి పీఠభూమి ఇది. పక్కనే నల్లరేగడి. కాలువ లేదు, వాన మీదే బతుకు. అందుకే ఇక్కడి పెద్దలు ఒకే చేన్లో పచ్చజొన్న, కంది, పెసర, మినుము, అనుములు కలిపి వేసేవాళ్లు. తేలిక నేలలో సామ, కొర్ర, తైదలు. యాసంగికి రేగడిలో తెల్లజొన్న, శనగ, కుసుమ. ఒకటి పోతే ఒకటి నిలిచేది. జొన్న మనిషికి రొట్టె, చొప్ప పశువుకు మేత. పశువు పేడ మళ్లీ చేనుకు ఎరువు. ఇది గొప్పలకు చెప్పే మాట కాదు. కాలువ లేని నేల నేర్పిన లెక్క ఇది.

1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం రెండు రూపాయలకు కిలో బియ్యం ఇచ్చింది. ఆ పథకం కోట్లమంది కడుపు నింపింది. దాన్ని తప్పుబట్టే మనుషులం కాము. కానీ ఆ బియ్యం ఎక్కడ పండింది? కాలువల కింద పండింది. సర్కారు వడ్లు కొన్నది, నిల్వ చేసింది, మోసింది, నష్టానికి అమ్మింది. జొన్నకు ఈ నాలుగింటిలో ఒక్కటీ చేయలేదు. మెట్ట రైతు తన చేన్లో పండించే గింజ కంటే రేషన్ దుకాణంలో దొరికే గింజ అగ్గువ అయిపోయింది. ఇంట్ల రొట్టె తగ్గింది. రొట్టె తగ్గితే జొన్న తగ్గింది. జొన్న తగ్గితే చొప్ప తగ్గింది, చొప్ప తగ్గితే పశువులు అంగడికి పోయినయి. పశువులు పోతే ఎరువు బస్తా కొనవలసి వచ్చింది, బస్తాకు అప్పు కావలసి వచ్చింది. ఒక్క రేషన్ బస్తా వెనుక ఇంత గొలుసు ఉంది. పేదల చేతిలో ఉన్న తేలిక నేలలు దున్నే ఖర్చు కూడా రాక పడావు పడ్డాయి.

2013 ఆహార భద్రత చట్టంలో కిలో రూపాయికి చిరుధాన్యాలు ఇవ్వవచ్చని రాసి ఉంది. 2023ను ఐక్యరాజ్య సమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. 2025-26కు హైబ్రిడ్ జొన్న మద్దతు ధర క్వింటాలుకు 3,699 రూపాయలు, సాధారణ రకం వడ్లకు 2,369 రూపాయలు. కాగితం మీద జొన్నదే పైచేయి. అయినా రైతు వరి వైపే ఎందుకు చూస్తున్నాడు? వడ్లకు ఊరూరా కాంటా పెడతారని నమ్మకం ఉంది కాబట్టి. జొన్నకు కాంటా ఎప్పుడు పెడతారో, ఎన్ని రోజులు ఉంచుతారో, ఎకరానికి ఎంత కొంటారో తెలియదు కాబట్టి. ధర ప్రకటించడం వేరు, కొనడం వేరు. భూమిని మార్చేది కాంటానే.

మోటరు, మిల్లు, చెరకు

రెండో దారి బోరు తెరిచింది. అప్పు చేసి బోరు వేసినవాడు మెట్ట పంట వేసి ఆ అప్పు తీర్చలేడు. పైసలొచ్చే పంటే వేయాలి. అట్లా చెరకు, అల్లం, ఆలుగడ్డ ఈ నేలకు వచ్చాయి. చెరకుకు కొత్తూరు (బి) మిల్లు ఆసరా అయ్యింది. నిజాం షుగర్స్ యూనిట్లలో అదొకటి. 2000ల మొదట్లో చంద్రబాబు ప్రభుత్వం దాన్ని ప్రైవేటుకు అప్పజెప్పింది. ఆ తర్వాత క్రషింగ్ ఆడని సీజన్లు వచ్చాయి. రైతు చెరకును లారీలకెత్తి సంగారెడ్డికో, కర్ణాటక మిల్లులకో పంపుకున్నాడు. చెరకు పది పన్నెండు నెలలు నీళ్లు తాగే పంట. దాన్ని వేయించింది మిల్లు. మిల్లు ఆగితే ఆ నీళ్లు, ఆ ఏడాది, ఆ అప్పు అన్నీ రైతు నెత్తినే.

2004లో ఉచిత కరెంటు వచ్చింది. 2018 జనవరి 1 నుంచి 24 గంటల కరెంటు ఇచ్చారు. కాలువ లేని ప్రాంతానికి ఇది న్యాయమే. కోస్తా రైతుకు నీళ్లు కాలువలో వస్తే, మన రైతు సొంత ఖర్చుతో పాతాళం నుంచి తోడుకున్నాడు. ఉద్యమ కాలంలో మనం ఊరూరా చెప్పిన మాట ఇది. కానీ కరెంటు ఎంత ఇచ్చినా నేల కింద లేని నీటిని మోటరు పుట్టించలేదు.

పారే నీళ్ల సంగతి చూద్దాం. మంజీర మీద సింగూరు కట్టారు, నీళ్లు హైదరాబాద్‌కు పోయాయి. ఎత్తు మీదున్న జహీరాబాద్ ప్రాంతానికి ఎత్తిపోస్తే తప్ప చుక్క రాదు. 2022 ఫిబ్రవరి 21న నారాయణఖేడ్‌లో సంగమేశ్వర, బసవేశ్వర ఎత్తిపోతలకు శంకుస్థాపన చేశారు. సంగమేశ్వర కింద 2.19 లక్షల ఎకరాలకు నీళ్లన్నారు. శిలాఫలకం ఉంది. కోహీర్ సాళ్లలోకి నీళ్లు చేరలేదు. 2014 జూన్ 2 తర్వాత దీన్ని వలస పాలకుల మీదికి నెట్టి చేతులు దులుపుకునే వీలు మనకు లేదు.

జామతోట చెప్పే పాఠం

కోహీర్ జామ పేరు పట్నం దాకా తెలుసు. ఆ పేరు ఊరికే రాలేదు. ఎర్రమట్టి కలిసొచ్చింది. నిజాం కాలంలో వేసిన వికారాబాద్-బీదర్ రైలు మార్గం మీద కోహీర్ స్టేషన్ ఉంది. పడమటి నుంచి హైదరాబాద్ పోయే పెద్ద రోడ్డు దగ్గర్లోనే ఉంది. 1826లోనే జర్మనీలో ఫాన్ థ్యూనెన్ అనే భూస్వామి ఒక లెక్క వేశాడు. పట్నానికి ఎంత దూరమన్నదాన్ని బట్టి ఏ చేన్లో ఏం పండుతుందో తేలుతుందన్నాడు. తొందరగా చెడిపోయే సరుకు పట్నం దగ్గర, నిల్వ ఉండే గింజ దూరంగా. రైలు, లారీ వచ్చి కోహీర్‌ను పట్నానికి దగ్గర చేశాయి. జామతోట లేచింది.

కానీ అదే రోడ్డు ఇంకొక పని కూడా చేసింది. జామ నాలుగు రోజులు నిలవదు. దాచే వసతి ఉండాలి, రసం తీసే కారఖానా ఉండాలి, ఎండు తెగులు వస్తే చెప్పే అధికారి ఉండాలి. ఇవి లేనిచోట రైతు దళారి చెప్పిన ధరకు తలవంచాలి. జాతీయ రహదారి 65 నాలుగు వరుసలైంది. పండు కంటే ముందు ప్లాటు పట్నానికి దగ్గరైంది. ఎకరం ధరకూ ఎకరంలో వచ్చే పంటకూ సంబంధం తెగిపోయింది. జీవితమంతా తోట చేసినా కళ్లచూడని సొమ్ము ఒక్క సంతకంతో వస్తుంటే, ఆడబిడ్డ పెండ్లి చేయవలసిన తండ్రి ఎన్నాళ్లు ఆగుతాడు? ఆయన్ను తప్పుబట్టే నైతిక హక్కు మనకు లేదు.

ఇక్కడ మన ఉద్యోగ మిత్రులతో ఒక మాట. పట్నం నుంచి వచ్చి గుంటల లెక్కన ఫాం ప్లాట్లు కొంటున్నది ఎవరు? బయటి పెట్టుబడిదారులే కాదు. మన జీతాలు, మన పీఆర్సీ బకాయిలు, మన రిటైర్మెంటు డబ్బులు కూడా ఆ హద్దురాళ్ల కింద ఉన్నాయి. నాలుగు గుంటలు కొని కడీలు పాతి, పడావు పెట్టి, ధర పెరిగేదాకా ఎదురు చూస్తే ఆ నేల పంటకూ పనికిరాదు, ఇంటికీ పనికిరాదు. సకల జనుల సమ్మెలో 42 రోజులు జీతం వదులుకొని నిలబడ్డ ఉద్యోగికి ఈ మాట చెప్తే అర్థమవుతుందనే నమ్మకంతోనే చెప్తున్నాం. 2006 చట్టం ప్రకారం సాగు భూమిని సాగేతర భూమిగా మార్చుకోవాలంటే రుసుము కడితే పని నడుస్తుంది. ఊరిని అడిగే పని లేదు.

కోహీర్ కూడా 2025లో మున్సిపాలిటీ అయ్యింది. బోర్డు మారింది, మంచిదే. కానీ ఊరు పట్నమైన రోజు గ్రామసభ పోతుంది, గ్రామీణ ఉపాధి పని పోతుంది, భూమి విలువ మాత్రం పెరుగుతుంది. ఉన్నవాడికి వరం, లేనివాడికి శాపం.

కాగితం మీద పేరు

భూమిని మార్చే ఇంకొక శక్తి కాగితం. 2018 మే 10న రైతుబంధు మొదలైంది. ఎకరానికి పంటకు 4,000 రూపాయలు. పెట్టుబడికి షావుకారి కాళ్ల మీద పడే అవస్థ చాలామందికి తప్పింది. కానీ సాయం పాసుబుక్కుకు వచ్చింది, నాగలికి రాలేదు. కౌలు చేసేవాళ్లకు రాలేదు. ఎకరాలకు పరిమితి పెట్టలేదు. పట్నంలో కూర్చుని కడీలు పాతుకున్నవాడి ఖాతాలో కూడా పడింది. భూమిని పండించకుండా పట్టుకొని కూర్చున్నా లాభమే అన్న సందేశం సర్కారే ఇచ్చినట్టయ్యింది. 2025లో రైతు భరోసా పేరుతో దాన్ని 6,000 రూపాయలు చేశారు, సాగుకు పనికిరాని భూములను తీసేశామన్నారు. అది ఒక అడుగు. కౌలు రైతు మాత్రం ఇంకా గడప బయటే ఉన్నాడు.

2020 అక్టోబర్ 29న ధరణి వచ్చింది. పాత పహాణీలో పట్టాదారు గడి పక్కన అనుభవదారు గడి ఉండేది. ఆ గడి మాయమైంది. తరాలుగా దున్నుకుంటున్న మనిషి ఒక్క రాత్రిలో కాగితం మీద లేకుండా పోయాడు. 2025 ఏప్రిల్‌లో ధరణి పోయి భూభారతి వచ్చింది. పేరు మారితే సరిపోదు. దున్నేవాడు కాగితంలో కనబడితేనే భూమి పంటలో ఉంటుంది.

గీత గీసిన చోట

ఇప్పుడు జోన్ దగ్గరికి వద్దాం. జాతీయ పెట్టుబడుల, ఉత్పత్తుల మండలి, అందరూ పిలిచే పేరు నిమ్జ్. ఉమ్మడి రాష్ట్రంలో పుట్టిన ఆలోచన. 2016లో తుది ఆమోదం. 17 ఊళ్లలో 12,635 ఎకరాలు. ప్రభుత్వాలు మారాయి, పార్టీలు మారాయి, ఎకరాలు మారలేదు.

2013 భూసేకరణ చట్టం సామాజిక ప్రభావ అంచనా వేయాలన్నది. భూమి లేకపోయినా ఆ భూమి మీద కైకిలి చేసి బతికేవాళ్లకు కూడా పునరావాసం ఇవ్వాలన్నది. 2015లో తెలంగాణ ప్రభుత్వం జీవో 123 తెచ్చి, నేరుగా కొనుక్కునే పేరుతో దాన్ని పక్కదారి పట్టించింది. పట్టాదారుకు చెక్కు, కూలీకి చెయ్యి. అప్పుడు కోర్టుకు ఎక్కింది పెద్ద రైతులు కాదు. మెదక్ జిల్లాలో ఈ జోన్ వల్ల పని పోతున్న వ్యవసాయ కూలీలు. 2016 ఆగస్టు 3న హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం ఆ జీవోను కొట్టేసింది. సర్కారు అప్పీలుకు పోయింది, తర్వాత సవరణ చట్టం తెచ్చుకొని 2017లో దారి చేసుకుంది. సెంటు భూమి లేని మనుషులు ఒక జీవోను కోర్టులో పడగొట్టారన్న సంగతి ఈ ప్రాంతపు విద్యార్థులకు ఎందరికి తెలుసు?

అసైన్డ్ భూముల సంగతి ఇంకా నొప్పి. దళితులకు ఇచ్చిన లావణి పట్టా భూములు. 1977 చట్టం ప్రకారం వాళ్లు అమ్ముకోరాదు. సర్కారు మాత్రం ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. ఇట్లా తీసుకున్నప్పుడు పట్టా భూమితో సమానంగా పరిహారం ఇవ్వాలని 2004లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం మేకల పాండు కేసులో తీర్పు చెప్పింది. తీర్పు వచ్చి ఇరవై ఏండ్లు దాటింది. అయినా అసైన్డ్ అనగానే ధర తగ్గించే అలవాటు పోలేదు.

మేము పరిశ్రమకు శత్రువులం కాము. 1980లలో ఆల్విన్ నిస్సాన్ వచ్చింది, తర్వాత అది మహీంద్రా అయ్యింది, ఇప్పుడు అక్కడ ట్రాక్టర్లు తయారవుతున్నాయి. దాని జీతంతో చదువుకున్న పిల్లలు ఈ ప్రాంతంలో ఉన్నారు. డిగ్రీ చేసి ఊళ్లో ఖాళీగా ఉన్న పోరగానికి జొన్న గొప్పతనం చెప్తే కడుపు నిండదు. కానీ లెక్క అడిగే హక్కు ఆ పోరగానికి ఉంది. ఎకరానికి ఎన్ని కొలువులు? అందులో భూమి ఇచ్చిన ఊళ్లకు ఎన్ని? పర్మినెంటు ఎన్ని, కాంట్రాక్టు ఎన్ని? నియామకాల కోసం కొట్లాడిన గడ్డ మీద ఈ ప్రశ్న అడగడం అభివృద్ధికి అడ్డం పడటం ఎట్లా అవుతుంది?

ఇంకొక దారి కూడా ఉన్నది

దారులు తెరిస్తే భూమి మంచికి కూడా మారుతుందని ఈ నేల మీదే రుజువైంది. పస్తాపూర్ కేంద్రంగా 1983 నుంచి దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పనిచేస్తున్నది. దాన్ని నడిపిన పి.వి. సతీష్ 2023 మార్చిలో కన్నుమూశారు. ఆ సంస్థను నిలబెట్టింది మాత్రం ఊరూరి సంఘాల ఆడవాళ్లు, ఎక్కువమంది దళితులు. 1990ల మధ్యలో వాళ్లు ముప్పైకి పైగా ఊళ్లలో పడావు భూములను లెక్కగట్టారు. దున్నడానికి, ఎరువుకు, విత్తనానికి విడతల వారీగా అప్పు ఇప్పించారు. అప్పు పైసల్లో కట్టనక్కరలేదు, జొన్నల్లో కట్టాలి. ఆ జొన్న ఊళ్లోనే నిల్వ చేసి, పనిలేని కాలంలో పేదింటికి తక్కువ ధరకు ఇచ్చారు. ఎవరు పేద అన్నది ఊరే కూర్చుని తేల్చింది. రెండు వేల ఎకరాలకు పైగా పడావు భూమి మళ్లీ పంటలోకి వచ్చింది.

అదే నేల, అదే వాన, అదే మనుషులు. మారింది మూడే: అప్పు, కొనుగోలు, నిర్ణయం ఎవరిదన్నది. 2008లో మాచునూరులో ఈ ఆడవాళ్లే సంగం రేడియో పెట్టారు. 2019లో వాళ్లకు ఐక్యరాజ్య సమితి అభివృద్ధి సంస్థ ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది. ప్రపంచం వచ్చి నేర్చుకుపోయిన పాఠం హైదరాబాద్ సచివాలయానికి మాత్రం చేరలేదు. చిరుధాన్యాల పని చాకిరీతో కూడుకున్నదే. నూర్చడం, దంచడం ఆడవాళ్ల నడుము విరిచే పనే. అందుకే ఊరికొక చిన్న మర అడుగుతున్నాం, పూజలు అడగడం లేదు.

మన డిమాండ్లు

ఒకటి: జొన్న, కంది, శనగకు వడ్లతో సమానంగా ప్రతి సీజన్ మండలంలో కాంటా పెట్టాలి. కొన్న జొన్నను ఇదే ప్రాంతం హాస్టళ్లకు, అంగన్‌వాడీలకు, రేషన్ దుకాణాలకు ఇవ్వాలి.

రెండు: కౌలు రైతుకు గుర్తింపు ఇవ్వాలి. 2011లోనే సాగుదారుల చట్టం వచ్చింది, కార్డులూ ఇచ్చారు. దాన్ని మూలకు వేసింది ఎవరో ప్రజలకు తెలుసు. దుమ్ము దులిపితే చాలు.

మూడు: సాగు భూమి మార్పిడికి గ్రామసభ తీర్మానం, మున్సిపాలిటీ అయితే వార్డు సభ తీర్మానం తప్పనిసరి చేయాలి. ఏ నేల తోటకు, ఏది మేతకు, ఏది ఇండ్లకు అన్న పటం ఊరి గోడ మీద ఉండాలి.

నాలుగు: జోన్‌లో వాడకుండా ఉన్న భూమి ఎంతో ఏటా ప్రకటించాలి. తీసుకున్న భూమిని నింపకుండా కొత్త ఎకరం అడగరాదు. కూలీ కుటుంబాల జాబితా, వాళ్లకు ఇచ్చిన పునరావాసం వివరాలు బయట పెట్టాలి.

ఐదు: జామకు, అల్లానికి, ఆలుగడ్డకు నిల్వ గిడ్డంగి, శుద్ధి కారఖానా కోహీర్‌లోనే పెట్టాలి. 2,361 కోట్ల పనిలో ఇది ఒక మూలకు వచ్చే ఖర్చు.

విద్యార్థి మిత్రులారా, వచ్చే సెలవులకు ఊరికి పోయినప్పుడు ఒక పని చేయండి. మీ ఊరి పటం గీయండి. పాతికేండ్ల కింద ఏ సర్వే నంబరులో ఏం పండేదో పెద్దలను అడిగి రాయండి. ఇప్పుడు ఏం ఉన్నదో పక్కన రాయండి. మధ్యన మూడో గడి గీసి, ఎందుకు మారిందో రాయండి. రేషనా, మిల్లా, బోరా, రోడ్డా, పాసుబుక్కా, జీవోనా? ఆ మూడో గడి నిండిన ఊరిని ఏ అధికారీ వానల పేరు చెప్పి పంపలేడు. గ్రామసభ జరిగే రోజు ఆ కాగితం పట్టుకొని ముందు వరుసలో కూర్చోండి.